అరెస్టయిన కాలేజీ కోచ్‌ను బైఅవుట్ కట్టకుండా తొలగించడం ఎలా?

అమెరికాలో పెద్ద యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ జీతం చాలాచోట్ల ఆ యూనివర్సిటీ ప్రెసిడెంట్ జీతాన్ని మించిపోతుంది. ఒప్పందం ఐదేళ్లకో, ఏడేళ్లకో, ఒక్కోసారి పదేళ్లకో ఉంటుంది. మధ్యలో ఊరికే తీసేస్తే మిగిలిన సొమ్ములో పెద్ద భాగం చేతిలో పెట్టి పంపాలి. దాన్నే బైఅవుట్ అంటారు. కోచ్ తప్పు వల్ల తీసేస్తే, అంటే ‘ఫర్ కాజ్’ అయితే, ఆ రోజు దాకా పనిచేసిన జీతం తప్ప సాధారణంగా ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. కాబట్టి కోచ్ అరెస్టయిన వార్త రాగానే మొదలయ్యే గొడవ పైకి నీతి గురించి కనిపించినా, కోర్టులో నడిచేది కోట్ల డాలర్ల లెక్క.

యూనివర్సిటీ హెచ్ఆర్‌లో, లీగల్ ఆఫీసులో, అథ్లెటిక్స్ విభాగంలో పనిచేసేవాళ్లకూ, అక్కడ లా చదువుతున్నవాళ్లకూ పనికొచ్చేలా వరుస చెబుతున్నాం. ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సర్వీసు నిబంధనల ప్రకారం సస్పెండైనట్టే లెక్క. అమెరికన్ కోచ్ విషయంలో అలా తనంతట తానే జరిగేది ఏదీ లేదు. ఒప్పందంలో రాసి ఉంటేనే అరెస్టుకు విలువ. లేకపోతే అది పోలీసులు తీసుకున్న ఒక చర్య మాత్రమే, కోచ్ తప్పు చేశాడనడానికి రుజువు కాదు.

మొదటి రోజు: కాగితాలు

ప్రకటన రాయడానికి కూర్చోకముందే నాలుగు కాగితాలు తెప్పించండి. ఒకటి, రెండువైపులా సంతకాలున్న అసలు ఒప్పందం. రెండు, దాని తర్వాత వచ్చిన సవరణలన్నీ. మూడు, అరెస్టుకు ఆధారంగా పోలీసులు మేజిస్ట్రేటు ముందు పెట్టిన అఫిడవిట్ లేదా కంప్లయింటు. నాలుగు, జైలు బుకింగ్ రికార్డు. టీవీలో ‘ఫెలనీ (తీవ్ర నేరం) కింద అరెస్టు’ అని చెప్పినంత మాత్రాన అది ఫెలనీ కాదు. ఏ సెక్షన్, ఏ డిగ్రీ అన్నది కాగితంలో చూడాలి.

సంతకాల సంగతి చాదస్తంగా అనిపించొచ్చు. కానీ కొత్త కోచ్‌లు నెలల తరబడి రెండు పేజీల ముందస్తు అంగీకారపత్రం మీదే పనిచేస్తుంటారు, పూర్తి ఒప్పందం లాయర్ల మధ్య తిరుగుతూ ఉంటుంది. 2003లో అలబామా యూనివర్సిటీ మైక్ ప్రైస్‌ను తీసేసేనాటికి ఆయన ఏడేళ్ల ఒప్పందం మీద ఇంకా సంతకం కాలేదు. ఆయన వేసిన దావా ఫెడరల్ కోర్టులో నిలబడకపోవడానికి అదే పెద్ద కారణం. అక్కడ సంతకం లేకపోవడం యూనివర్సిటీకి కలిసొచ్చింది. మీ దగ్గర అంగీకారపత్రంలో ‘కాజ్’ అంటే ఏమిటో రాయకుండా వదిలేసి ఉంటే అదే లోటు మీ మెడకు చుట్టుకుంటుంది.

అదే రోజు చేయాల్సిన రెండో పని, రికార్డులు చెరిపేయొద్దని రాతపూర్వక ఆదేశం ఇవ్వడం. కోచ్, అసిస్టెంట్లు, అథ్లెటిక్ డైరెక్టర్, ప్రెసిడెంట్ ఆఫీసు, అందరి ఈమెయిళ్లు, టెక్స్ట్ మెసేజ్‌లు, సొంత ఫోన్లలో ఉన్నవాటితో సహా. యూనివర్సిటీ ఇచ్చిన ఫోన్, ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకుని ఐటీ వాళ్లచేత కాపీ తీయించండి. అథ్లెటిక్ డైరెక్టర్‌కు గట్టిగా చెప్పాల్సిన మాట: కోచ్‌కు గానీ, ఏజెంటుకు గానీ, బోర్డు సభ్యులకు గానీ టెక్స్ట్ చేయొద్దు. ప్రభుత్వ యూనివర్సిటీలో అవన్నీ ఓపెన్ రికార్డ్స్ చట్టం కింద పత్రికలకు చేరతాయి. ‘వీడి పని అయిపోయింది’ అని మొదటి రాత్రే పంపిన ఒక్క మెసేజ్ చాలు, తర్వాత చేసిన విచారణంతా నాటకమని కోచ్ లాయర్ చూపించడానికి.

‘కాజ్’ క్లాజును మాట మాటగా చదవండి

ఇక్కడ ఎంత సమయం పెడితే అంత మంచిది. ఈ క్లాజుల్లో సాధారణంగా కనిపించే మాటలు ఇవి. బయటికి ఒకేలా ఉన్నా ఒక్కోటి ఒక్కో దారిలో నడిపిస్తుంది.

‘కన్విక్షన్’ లేదా ‘ప్లీ’ అని రాసి ఉంటే, శిక్ష పడేదాకా లేదా నేరం ఒప్పుకునేదాకా ఈ క్లాజు మీకు అందదు. అది ఏడాది పట్టొచ్చు. నేరం ఒప్పుకోకుండానే అభియోగాన్ని ఎదిరించనని చెప్పే ‘నో కాంటెస్ట్’ ప్లీని కూడా కలిపారో లేదో చూడండి. కలపకపోతే మంచి లాయరు సరిగ్గా ఆ సందులోంచి కోచ్‌ను బయటపడేస్తాడు. కేసును పక్కనపెట్టి శిక్షణ, కౌన్సెలింగ్‌తో ముగించే డైవర్షన్ పద్ధతికి కూడా ఇదే వర్తిస్తుంది.

‘ఇండైట్‌మెంట్’ అంటే గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు నడపడానికి ఆధారముందో లేదో చూసే పౌరుల బృందం, ఆమోదించిన అభియోగం. ‘ఛార్జ్’ అన్న మాట అంతకంటే వదులు. అరెస్టు సమయంలో పోలీసులు వేసిన సెక్షనే ఛార్జా, ప్రాసిక్యూటర్ కోర్టులో దాఖలు చేసిందే ఛార్జా అన్నది రాష్ట్రాన్నిబట్టి, ఒప్పందంలోని నిర్వచనాన్నిబట్టి మారుతుంది. నిర్వచనం లేకపోతే వాదనకు తావున్నట్టే.

‘నైతిక పతనంతో కూడిన నేరం’ అన్నది పాతకాలపు మాట. దొంగతనం, మోసం సులువుగా ఇందులోకి వస్తాయి. తాగి కారు నడిపిన మొదటి కేసు చాలా రాష్ట్రాల్లో మిస్‌డిమీనరే (చిన్న నేరమే), మామూలు డీయూఐని (తాగి నడిపిన కేసును) చాలా కోర్టులు నైతిక పతనం కిందకు తీసుకురావు. పత్రికల్లో ఎంత పరువు పోయినా, ఈ క్లాజొక్కటే నమ్ముకుంటే దెబ్బతింటారు.

చివరిది, అన్నిటికంటే బలమైనది, ప్రవర్తన క్లాజు. ‘హెడ్ కోచ్‌కు తగని ప్రవర్తన అని, సంస్థకు చెడ్డపేరు తెచ్చేదని యూనివర్సిటీ సహేతుకంగా నిర్ణయిస్తే’ అనే తరహా రాత. ఇందులో కోర్టు, శిక్ష, ఛార్జ్ ఏవీ అక్కర్లేదు. కానీ ‘సహేతుకంగా’ అన్న మాట ఉత్తపుణ్యానికి లేదు. మీరు ఏం చూసి, ఎలా ఆ నిర్ణయానికి వచ్చారో తర్వాత ఎవరైనా పరీక్షిస్తారు. ‘సంపూర్ణ విచక్షణతో’ అని రాసి ఉన్నా కూడా చాలా రాష్ట్రాల్లో సదుద్దేశంతో నడుచుకోవాల్సిన బాధ్యత ఒప్పందంలో అంతర్లీనంగా ఉంటుంది.

ఈ తేడా ఎంత పనిచేస్తుందో టెక్సస్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ క్రిస్ బియర్డ్ కేసు చూపిస్తుంది. 2022 డిసెంబర్ 12 తెల్లవారుజామున ఆయన ఇంట్లో గొడవ తర్వాత మూడో డిగ్రీ ఫెలనీ కింద అరెస్టయ్యాడు. అదే రోజు జీతం లేకుండా సస్పెండ్ చేశారు. 2023 జనవరి 5న ఫర్ కాజ్ తీసేశారు. ఒప్పందంలో రెండు దారులూ ఉన్నాయి: కోచ్‌కు తగని ప్రవర్తన ఒకటి, ఫెలనీ ఛార్జ్ ఒకటి. ఆ గొడవలో బాధితురాలైన కాబోయే భార్య తన మాట మార్చుకుందనీ, తొందరపడొద్దనీ ఆయన లాయర్ రాశాడు. యూనివర్సిటీ న్యాయాధికారి ఇచ్చిన జవాబు సారాంశం: ప్రాసిక్యూటర్ కేసు నడుపుతాడా లేదా అన్నది మాకు ప్రమాణం కాదు, మేం చూసేది కోచ్ ప్రవర్తనను. ఫిబ్రవరి 15న జిల్లా అటార్నీ, అంటే ప్రాసిక్యూటర్, కేసు ఎత్తేశాడు. ఛార్జ్ మీదే బరువంతా వేసి ఉంటే ఆ రోజు యూనివర్సిటీ కాళ్ల కింద నేల కదిలేది. ప్రవర్తన మీద వేశారు కాబట్టి కేసు పోయినా కారణం నిలిచింది.

ఒప్పందంలో ‘మెటీరియల్ బ్రీచ్’ (తీవ్రమైన ఉల్లంఘన) అని ఉంటే ఇంకా జాగ్రత్త. 2004లో ఒహైయో స్టేట్ తన బాస్కెట్‌బాల్ కోచ్ జిమ్ ఒబ్రయన్‌ను ఒక ఆటగాడి కుటుంబానికి డబ్బిచ్చినందుకు తీసేసింది. ఉల్లంఘన జరిగిన మాట నిజమేననీ, కానీ ఒప్పందపు ప్రయోజనాన్నే దెబ్బతీసేంత పెద్దది కాదనీ కోర్టు తేల్చింది. యూనివర్సిటీ 20 లక్షల డాలర్లకు పైగా కట్టుకోవాల్సి వచ్చింది. తప్పు చేశాడని నిరూపించి కూడా ఓడిపోవడమంటే ఇదే.

ఇంకో గుంట యూనియన్ ఒప్పందం. కనెటికట్ యూనివర్సిటీలో కోచ్‌లు ప్రొఫెసర్ల యూనియన్ కిందకు వస్తారు. 2018లో కెవిన్ ఒలీని తీసేసినప్పుడు యూనివర్సిటీ తన వ్యక్తిగత ఒప్పందంలోని ‘కాజ్’ చాలనుకుంది. ఆర్బిట్రేటర్ (తగాదా తీర్చే మధ్యవర్తి) యూనియన్ ఒప్పందంలోని ‘జస్ట్ కాజ్’ అనే గట్టి ప్రమాణం వర్తిస్తుందన్నాడు. 2022 జనవరిలో 1.1 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పొచ్చింది. ఒప్పందంలో ఏ మూలనైనా ‘యూనియన్ ఒప్పందానికి లోబడి’ అనే మాట ఉందేమో వెతకండి.

ఇవన్నీ ఒక పేజీ మీద రాసుకోండి: ఏ క్లాజు, అది కోరే రుజువు ఏమిటి, నోటీసు ఎన్ని రోజులు, తప్పు దిద్దుకోవడానికి గడువు ఇవ్వాలా, ఆ రోజులు క్యాలెండర్ రోజులా పనిదినాలా. ఇక్కడినుంచి ప్రతి అడుగూ ఈ పేజీ చూసుకునే వేయాలి.

ప్రభుత్వ యూనివర్సిటీయా, ప్రైవేటా?

ప్రైవేటు యూనివర్సిటీ అయితే ఒప్పందం, రాష్ట్ర చట్టం, సంస్థ సొంత నియమావళి ప్రధానంగా చూసుకోవాలి. ప్రభుత్వ యూనివర్సిటీకి వీటితోపాటు రాజ్యాంగపు 14వ సవరణ కూడా ఉంది. నిర్ణీత కాలానికి ‘కాజ్ ఉంటేనే తీసేస్తాం’ అని రాసిచ్చిన ఉద్యోగం ఆ మనిషి ఆస్తిలాంటిదనీ, దాన్ని లాక్కోవాలంటే న్యాయమైన పద్ధతి పాటించాలనీ సుప్రీంకోర్టు 1972 నుంచి చెబుతూనే ఉంది. 1985లో క్లీవ్‌లాండ్ స్కూల్ బోర్డుకూ లౌడర్‌మిల్ అనే సెక్యూరిటీ గార్డుకూ మధ్య నడిచిన కేసులో ఆ పద్ధతి కనీసం ఎలా ఉండాలో చెప్పింది: తీసేసే ముందు ఆరోపణలేమిటో నోటీసు, మీ దగ్గరున్న ఆధారాల వివరణ, అతని వాదన చెప్పుకునే అవకాశం. కోర్టు విచారణలాంటిది అక్కర్లేదు. ఒక గంట సమావేశం సరిపోతుంది. కానీ ఆ గంట తీసేసే ముందు జరగాలి.

ప్రభుత్వ యూనివర్సిటీలకు ఒక కవచమూ ఉంది. కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ సంస్థమీద దాని అనుమతి లేకుండా దావా వేయలేరు. 2009 డిసెంబర్ 30న, 8 లక్షల డాలర్ల బోనస్ అందాల్సిన రోజుకు ఒక్కరోజు ముందు, టెక్సస్ టెక్ మైక్ లీచ్‌ను తీసేసింది. ఒప్పంద ఉల్లంఘన కింద డబ్బు కోసం ఆయన వేసిన దావా ఈ కవచం దగ్గరే ఆగిపోయింది. దీన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. చాలా రాష్ట్రాలు రాతపూర్వక ఒప్పందాల విషయంలో ఈ రక్షణను వదులుకున్నాయి. ఒహైయోలో అందుకోసం ప్రత్యేక కోర్టే ఉంది, ఒబ్రయన్ గెలిచింది అక్కడే.

ముందు సస్పెన్షన్

అరెస్టయిన మర్నాడే తొలగించాల్సిన పని దాదాపు ఎప్పుడూ ఉండదు. సస్పెండ్ చేయండి. జనం అడిగేది ఆయన బెంచీ దగ్గర కనిపించకూడదని, అది సస్పెన్షన్‌తో తీరిపోతుంది.

దీనికి చక్కగా సరిపోయే తీర్పు ఒక యూనివర్సిటీ నుంచే వచ్చింది. 1992 ఆగస్టు 26న పెన్సిల్వేనియాలో ఈస్ట్ స్ట్రౌడ్స్‌బర్గ్ యూనివర్సిటీ క్యాంపస్ పోలీసొకడు డ్రగ్స్ దాడిలో అరెస్టయ్యాడు. అదే రోజు జీతం లేకుండా సస్పెండ్ చేశారు, ముందుగా ఏమీ అడగలేదు. 1997లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఒప్పుకుంది: యూనివర్సిటీతో సంబంధంలేని పోలీసులు ఫెలనీ కింద అరెస్టు చేసి ఛార్జ్ వేశారంటే, సస్పెన్షన్‌కు ఏదో ఒక ఆధారం ఉందని స్వతంత్రంగా తేలినట్టే. కానీ సెప్టెంబర్ 1నే ఛార్జీలు ఎత్తేశారు, ఆ తర్వాత అతని మాట వినడానికి ఆలస్యం చేశారేమో చూడమని కేసును కింది కోర్టుకు వెనక్కి పంపింది. మీకు పనికొచ్చే పాఠం రెండో సగంలో ఉంది. సస్పెండ్ చేయడానికి ముందు వినకపోయినా ఫరవాలేదు, చేశాక త్వరగా వినాలి. ఛార్జీలు మారినా, తగ్గినా, పోయినా ఆ రోజే ఫైలు మళ్లీ తెరవాలి.

జీతం ఆపాలా? ఒప్పందంలో ‘జీతం లేకుండా సస్పెండ్ చేయవచ్చు’ అని ఉంటేనే ఆపండి. లేకపోతే ఇస్తూ ఉండండి. మూడు వారాల జీతం మిగుల్చుకోబోయి మీరే ముందు ఒప్పందం ఉల్లంఘించారన్న వాదన కోచ్ చేతికివ్వడం తెలివైన బేరం కాదు.

సస్పెన్షన్ ఉత్తరంలో ఉండాల్సినవి: ఏ క్లాజు కింద, ఏ తేదీ నుంచి, క్యాంపస్‌లోకి రావచ్చా, ఆటగాళ్లతో రిక్రూట్లతో మాట్లాడొచ్చా, ఫిర్యాదుదారును ఏ రూపంలోనూ కలవొద్దని, రికార్డులు చెరిపేయకుండా భద్రపరచమని, విచారణకు ఎవరు పిలుస్తారో. నేరం చేశాడని ఒక్క మాటా రాయొద్దు.

సొంత విచారణ

క్రిమినల్ కేసు తేలేదాకా ఆగాలన్న నియమం లేదు. పోలీసు అరెస్టుకు కావాల్సింది నేరం చేసి ఉంటాడని నమ్మడానికి తగిన కారణం; శిక్షకు కావాల్సింది సందేహాతీతమైన రుజువు. సివిల్ తగాదాలో సాధారణంగా అడిగేది ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది: జరగకపోవడం కంటే జరిగి ఉండటానికే అవకాశం ఎక్కువని తేలడం. కాబట్టి ప్రాసిక్యూటర్ చేతులెత్తేసిన కేసులో కూడా మీ దగ్గర చాలినంత ఆధారం ఉండొచ్చు. కానీ అది మీరు సేకరించినదై ఉండాలి.

911 (అత్యవసర నంబరు) కాల్ రికార్డింగు, పోలీసు రిపోర్టు, బాడీ కెమెరా వీడియో రాష్ట్ర రికార్డుల చట్టం కింద అడగండి. విచారణ నడుస్తోందని ఇవ్వకపోవచ్చు. అడిగినట్టు ఫైల్లో ఉండాలి. సాక్షులను విడివిడిగా, ఇద్దరు అధికారుల సమక్షంలో అడిగి, అదే రోజు రాసి పెట్టండి. బాధితురాలు మాట్లాడనంటే ఒత్తిడి చేయొద్దు. మాట్లాడతానంటే ఆమె లాయర్ ద్వారా వెళ్లండి. కోచ్ గతంలో ఇలాంటివి చేస్తే చూసీచూడనట్టు వదిలేశారా అన్నది కూడా వెతకండి. వదిలేసి ఉంటే ఎదుటి పక్షం దాన్ని తప్పకుండా బయటికి తీస్తుంది, మీకు ముందే తెలియడం మేలు.

కోచ్‌ను ప్రశ్నించడం అన్నిటికంటే సున్నితమైన పని. ఆయన క్రిమినల్ లాయర్ ‘నోరు మెదపొద్దు’ అంటాడు, అది సరైన సలహానే. ప్రభుత్వ యూనివర్సిటీ ‘జవాబు చెప్పకపోతే ఉద్యోగం పోతుంది’ అని బెదిరించి చెప్పించుకున్న మాటలను క్రిమినల్ కేసులో వాడటానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1967లోనే గారిటీ కేసులో చెప్పింది. అంటే మీ తొందర ప్రాసిక్యూటర్ కేసుకే గండి కొట్టొచ్చు. అందుకని రెండు దారుల్లో ఒకటి ఎంచుకోండి. మొదటిది, అవకాశం ఇస్తున్నాం, బలవంతం లేదు, చెప్పకపోతే ఉన్న ఆధారాల మీదే నిర్ణయిస్తాం అని రాసివ్వడం. రెండోది, ఈ మాటలు క్రిమినల్ కేసులో వాడరన్న హామీతో జవాబు తప్పనిసరి చేయడం. ఇది ప్రాసిక్యూటర్‌తో మాట్లాడకుండా చేయొద్దు. మాకు మొదటిదే నచ్చుతుంది. ప్రైవేటు యూనివర్సిటీకి ఈ చిక్కు సాధారణంగా ఉండదు.

ఫిర్యాదుదారు విద్యార్థో, ఉద్యోగో అయి, విషయం లైంగిక వేధింపు అయితే, విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే ఫెడరల్ చట్టం టైటిల్ నైన్ దారి వేరు. 2024 నిబంధనలను 2025 జనవరిలో ఫెడరల్ కోర్టు కొట్టేశాక 2020 నిబంధనలే నడుస్తున్నాయి. వాటి ప్రకారం యూనివర్సిటీల్లో ప్రత్యక్ష విచారణ ఉండాలి, ఆధారాలు చూసి జవాబివ్వడానికి ఇరుపక్షాలకూ కనీసం 10 రోజులు, రిపోర్టు వచ్చాక విచారణకు ముందు మరో 10 రోజులు ఇవ్వాలి. ఈలోగా ఉద్యోగిని అడ్మినిస్ట్రేటివ్ లీవులో పెట్టడానికి అడ్డేమీ లేదు. క్యాంపస్‌తో సంబంధం లేకుండా కోచ్ సొంత ఇంట్లో, బయటివాళ్లతో జరిగిన గొడవ మామూలుగా దీని కిందకు రాదు. దాన్ని ఒప్పందం కిందే చూడాలి.

‘అరెస్టయ్యాడు కాబట్టి’ అని రాయకండి

ఒప్పందంలో ఆ మాట ఉన్నా సరే. అరెస్టు రికార్డు ఆధారంగా ఉద్యోగం తీసేయడాన్ని కొన్ని రాష్ట్రాలు చట్టంతోనే కట్టడి చేశాయి. విస్కాన్సిన్ వాటిలో ఒకటి. ఉద్యోగానికి గట్టి సంబంధం ఉన్న ఛార్జ్ పెండింగులో ఉంటే సస్పెండ్ చేయొచ్చు కానీ, అరెస్టు రికార్డును చూసి తీసేయడం వివక్ష కిందకు వస్తుంది. సంస్థ తనే విచారించి, తన నిర్ధారణ మీద తీసేస్తే తప్పులేదు. 2025 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒకోనోమోవాక్ స్కూల్ డిస్ట్రిక్టుకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అక్కడ సొంత విచారణలో ఏదీ తేలలేదు, పోలీసు సమాచారం వచ్చాకే తీసేశారు. కాలిఫోర్నియాలో శిక్ష పడని అరెస్టును ఉద్యోగ నిర్ణయాలకు వాడకూడదు, విచారణ పెండింగులో ఉన్న అరెస్టు గురించి అడగొచ్చు మాత్రం. సమాన ఉద్యోగావకాశాల కమిషన్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అరెస్టు దానంతటది నేరానికి రుజువు కాదనీ, దాని వెనకున్న ప్రవర్తనను చూడొచ్చనీ అంటాయి.

కాబట్టి ఉత్తరంలో వాక్యం ఇలా ఉండకూడదు: ‘ఫలానా తేదీన మీరు అరెస్టయినందున’. ఇలా ఉండాలి: ‘ఫలానా తేదీన ఫలానా చోట మీరు చేసినట్టు మా విచారణలో తేలిన ఈ పనులు ఒప్పందం ఫలానా క్లాజు ప్రకారం’. 2025 డిసెంబర్ 10న మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ షెరోన్ మూర్‌ను ఫర్ కాజ్ తీసేసినప్పుడు చూపిన కారణం సిబ్బందిలో ఒకరితో అనుచిత సంబంధం. ఆయన అరెస్టు ఆ తర్వాత, అదే రోజు జరిగింది. ఆ అరెస్టు ఏమైనా తొలగింపు దానిమీద ఆధారపడి లేదు.

తొలగించే ఉద్దేశం తెలిపే నోటీసు

ఒప్పందంలో ఈ దశ లేకపోయినా ప్రభుత్వ యూనివర్సిటీ ఇది ఇవ్వాలి, ప్రైవేటు యూనివర్సిటీ ఇస్తే మంచిది. మిషిగన్ స్టేట్‌లో మెల్ టక్కర్ విషయం ఇందుకు నమూనా. ఆయనది అరెస్టు కేసు కాదు, వేధింపు ఫిర్యాదు, కానీ వరుస చూడండి: 2023 సెప్టెంబర్ 10న సస్పెన్షన్, 18న ఉద్దేశ నోటీసు, జవాబుకు వారం, 27న తొలగింపు. అప్పటికి ఒప్పందంలో మిగిలింది దాదాపు 8 కోట్ల డాలర్లు. ఆయన తర్వాత దావా వేశాడు. వేయకుండా ఎవరూ ఉండరు, అంత సొమ్ము మీద.

నోటీసులో వర్తించే కారణాలన్నీ రాయండి, ఒకటి పోయినా మరొకటి నిలిచేలా. ప్రవర్తన ఒకటి, ఛార్జ్ ఒకటి, అరెస్టయిన సంగతి గడువులోగా చెప్పకపోవడం ఒకటి, అడిగినప్పుడు అబద్ధమాడటం ఒకటి. ఆఖరిదాన్ని చిన్నచూపు చూడకండి. 2012 ఏప్రిల్‌లో ఆర్కన్సా యూనివర్సిటీ బాబీ పెట్రినోను తీసేసింది మోటార్‌సైకిల్ ప్రమాదం జరిగినందుకు కాదు. వెనకాల ఎవరున్నారో దాచి, తన బాస్‌ను తప్పుదోవ పట్టించినందుకు, తనతో సంబంధం ఉన్న మనిషినే ఉద్యోగంలో పెట్టుకున్నందుకు. దాదాపు 1.8 కోట్ల డాలర్ల బైఅవుట్ కట్టలేదు. అబద్ధాన్ని నిరూపించడం తరచుగా నేరాన్ని నిరూపించడం కంటే తేలిక.

పంపే పద్ధతికి ఒప్పందం చివర్లో ‘నోటీసులు’ అనే పేరా ఉంటుంది. రిజిస్టర్డ్ పోస్టా, చేతికివ్వాలా, ఏజెంటుకు కాపీ పంపాలా, అచ్చం అలాగే చేయండి. కోచ్ జైల్లో ఉంటే లాయర్‌కు కూడా పంపండి. తీసేసే అధికారం ఎవరిదో కూడా చూడండి: అథ్లెటిక్ డైరెక్టర్‌దా, ప్రెసిడెంట్‌దా, బోర్డుదా. బోర్డు ఓటు కావాల్సిన చోట బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం ముందు నోటీసు వేయాలి. సంతకం చేయకూడని మనిషి సంతకం చేసిన ఉత్తరంతో మొదలైన తగాదాలో మిగతాదంతా సరిగ్గా ఉన్నా ఉపయోగం లేదు.

తాగుడు జబ్బని అంటే

డీయూఐ కేసుల్లో తరచుగా వచ్చే మాట ఇది. మద్యానికి బానిసవడం వైకల్యాల చట్టం కింద వైకల్యంగా లెక్కకు రావచ్చు. అయినా తాగి చేసిన పనికి మిగతా ఉద్యోగులకు పెట్టే ప్రమాణమే పెట్టొచ్చని ఆ చట్టంలోనే ఉంది. 2015లో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) తీసేసిన ఫుట్‌బాల్ కోచ్ స్టీవ్ సార్కీసియన్ 3 కోట్ల డాలర్లకు ఇదే వాదనతో వెళ్లాడు. 2018లో ఆర్బిట్రేటర్ యూనివర్సిటీ పక్షాన తీర్పిచ్చాడు. జాగ్రత్తపడాల్సింది ఒకచోట. అరెస్టుకు ముందే ఆయన చికిత్స కోసం సెలవు అడిగి ఉంటే ఆ అభ్యర్థన మీద మీరేం చేశారో తేదీలతో సహా చూపించగలగాలి.

తొలగించాక

వెనక్కి తిరగడం కష్టం. 2018 నవంబర్‌లో కాన్సస్ యూనివర్సిటీ డేవిడ్ బీటీని మామూలుగానే, 30 లక్షల డాలర్ల బైఅవుట్‌తో పంపుతున్నామంది. తర్వాత నిబంధనల ఉల్లంఘనలు బయటపడ్డాయంటూ చెల్లింపు ఆపింది. దావా నడిచి, 2020లో 25.5 లక్షలకు రాజీ కుదిరింది. లాయర్ల ఫీజులు కలుపుకుంటే మిగిలిందేమిటో మీరే వేసుకోండి. బైఅవుట్ ఇస్తామని అనకముందే కాజ్ ఉందో లేదో తేల్చుకోవాలి.

రాజీ బేరంలో డబ్బే కాదు, మాట కూడా ఇచ్చిపుచ్చుకోవచ్చు. 2017లో లూయీవిల్ యూనివర్సిటీ తీసేసిన కోచ్ రిక్ పిటీనో దాదాపు 4 కోట్ల డాలర్లు కోరాడు. 2019లో ఒక్క డాలరూ లేకుండా రాజీపడ్డాడు. ఆయనకు దక్కింది రికార్డులో ‘తొలగింపు’ పోయి ‘రాజీనామా’ అని రావడం. ఇంకో ఉద్యోగం వెతుక్కునే కోచ్‌కు అది విలువైనదే.

తీసేసే బదులు రాజీనామా తీసుకుంటే ఇవేవీ అక్కర్లేదని అథ్లెటిక్ డైరెక్టర్లు అనుకుంటారు. తీసుకోండి, కానీ సరిగ్గా తీసుకోండి. 2023 జూన్ 16న వెస్ట్ వర్జీనియా కోచ్ బాబ్ హగ్గిన్స్ పిట్స్‌బర్గ్‌లో డీయూఐ కింద అరెస్టయ్యాడు. మర్నాడే రాజీనామా చేశాడని యూనివర్సిటీ ప్రకటించింది. జులై రాగానే తను రాజీనామాయే చేయలేదని లాయర్ ఉత్తరాలు మొదలయ్యాయి. యూనివర్సిటీ దగ్గరున్నది ఆయన భార్య ఈమెయిల్ నుంచి వచ్చిన సందేశం. అందుకే అరెస్టయిన రాత్రి మనిషి ఫోన్లో ఏమన్నా సరే, మర్నాడు ఆయన లాయర్ సమక్షంలో, ఒప్పందంలో చెప్పిన అధికారి పేరిట, తేదీ వేసి, ఆయన చేత్తో పెట్టిన సంతకం ఉన్న కాగితం చేతికొచ్చాకే పత్రికా ప్రకటన బయటికి పంపండి.